డాబా మీది వానే ఇంటిల్లిపాదికీ తాగునీళ్లు: నల్లగొండ జిల్లా చండూరు వైపు మా ఇంట్లో జరిగిన పని

2025 జనవరి చివరి వారంలో బోరు నీళ్లు పరీక్షకిచ్చాం. వారానికి కాగితం చేతికొచ్చింది. ఫ్లోరైడ్ లీటరుకు 3.8 మిల్లీగ్రాములు, టీడీఎస్ (కరిగిన లవణాలన్నీ కలిపి) 1,120. తాగునీళ్ల ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. నడుం వంగిపోయిన పెద్దల్ని, గారపళ్ల పిల్లల్ని చూస్తూ పెరిగిన ఊళ్లలో ఈ అంకె కొత్తేం కాదు. కానీ మన బోరు అంకె మన కాగితం మీద చూసినప్పుడు కడుపులో దేవినట్టవుతుంది.

శాంపిల్ తీసేటప్పుడు రెండు సంగతులు పట్టించుకోవాలి. మోటారు కనీసం పది నిమిషాలు నడిచాక పట్టాలి, పైపులో నిల్వ ఉన్న నీళ్లు పట్టకూడదు. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసానే కావాలి. ఇంకొకటి, మా వైపు చాలా ఇళ్లలో టీడీఎస్ మీటరు ఉంటుంది. అందులో అంకె తక్కువ వస్తే నీళ్లు మంచివని ధైర్యంగా తాగుతారు. ఆ మీటరుకు ఫ్లోరైడ్ కనపడదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో అంచనాగా చెప్తుంది, అంతే. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. ఆవిరైపోయేది నీరే కాబట్టి మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు.

మరి ఆర్వో ఉంది కదా అంటే, ఈ పనికి పూనుకున్నదే దాని వల్ల. బకెట్ పెట్టి కొలిస్తే మా మిషన్ ఒక లీటరు మంచినీళ్లకు రెండున్నర లీటర్లు మోరీలోకి వదులుతోంది. ఐదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు 30 లీటర్లు కావాలి. అంటే 75 లీటర్లు బయటికి పోతున్నాయి. ఏడాదికి 27 వేల లీటర్ల పైమాటే. పైగా లోపలికి 3.8తో వెళ్లిన నీళ్లు బయటికి 5 దాటి వస్తాయి, ఎందుకంటే మంచినీళ్లలోంచి తీసేసిన ఫ్లోరైడంతా ఆ వృథా నీళ్లలోకే చేరుతుంది. ఆ మోరీ నీళ్లు సందు చివర ఇంకేదీ మన నేలలోకే, పక్కింటి బోరు తోడేదీ ఆ నేలనే. మన ఇంటి గ్లాసు శుభ్రం చేసుకోవడానికి ఊరి నేలను పాడు చేస్తున్నామన్న సంగతి లెక్క వేశాక ఊరుకోబుద్ధి కాలేదు. నల్లా ద్వారా కృష్ణా నీళ్లు వచ్చాక ఫ్లోరైడ్ భయం చాలా తగ్గింది, కాదనం. అయినా అవి ఎక్కడి నుంచో కరెంటుతో ఎక్కించి, శుద్ధి చేసి పంపే నీళ్లు. మన డాబా మీద ఉత్త పుణ్యానికి పడే నీళ్లు మోరీ పాలవుతుంటే అవే కావాలని కూర్చోవడం న్యాయం కాదనిపించింది.

మన జిల్లా పేరే పెట్టుకున్న నల్లగొండ పద్ధతి గురించి కూడా ఆలోచించాం. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారు చేసింది. పటిక, సున్నం కలిపి బాగా కలియబెట్టి, ఫ్లోరైడును మడ్డిలా అడుక్కి దింపి పైనీళ్లు తేర్చుకుంటారు. మోతాదు నీళ్లను బట్టి మారుతుంది. ఆ మడ్డిని ఎక్కడో ఒకచోట పారబోయాలి, పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ ఒక మనిషి జాగ్రత్తగా చేయగల ఇంట్లో అయితే సరే. వాన నీళ్లలో తీసేయడానికి ఫ్లోరైడే ఉండదు. మన గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి కరిగి వచ్చేది అది, మొగులు నుంచి కాదు.

ఫిబ్రవరి మొదటి వారమంతా లెక్కలకే పోయింది. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. మాది వెయ్యి చదరపు అడుగుల స్లాబు, అంటే 93 చదరపు మీటర్లు. మా వైపు ఏడాదికి అటూ ఇటూగా 700 మిల్లీమీటర్ల వాన లెక్క వేసుకుని, ఆవిరికీ తడికీ కడుగుడుకూ ఐదో వంతు తీసేస్తే 52 వేల లీటర్లు వస్తాయి. అక్టోబర్ మధ్య నుంచి మళ్లీ మిరుగు దాకా ఎనిమిది నెలలు వాన లేదనుకున్నా రోజుకు 30 చొప్పున 7,200 లీటర్లు చాలు. పండగలు, చుట్టాలు అన్నీ కలుపుకుని 10 వేల లీటర్ల సంపు అనుకున్నాం. లోపలి కొలతలు 8 అడుగుల పొడవు, 8 వెడల్పు, 6 లోతు. పైన అర అడుగు ఖాళీ వదిలితే 9,960 లీటర్లు పడతాయి. స్నానానికీ బట్టలకూ కూడా వాన నీళ్లే అనుకుంటే సంపు సైజూ ఖర్చూ చేయి దాటిపోతాయి. తాగడానికి, వంటకు మాత్రమే అని ముందే తేల్చుకోవడం వల్లే ఈ పని మా స్తోమతలో ఇమిడింది.

మేస్త్రి దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఇళ్లు కట్టేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. తాగునీళ్ల సంపు అనగానే మామూలు సంపు లాగా ఇటుక గోడ కట్టి పూత పూస్తామంటారు. సగం నేల పైకి వచ్చే సంపు గోడ మీద నీళ్ల ఒత్తిడి బయటికి తోస్తుంది. ఆపడానికి అక్కడ మట్టి ఉండదు కాబట్టి ఇటుక గోడ కొన్నాళ్లకు చీరుతుంది. ఆరంగుళాల కాంక్రీటు గోడ, రెండు వైపులా సలాకల అల్లిక కావాలని పట్టుబట్టాం.

సంపు సగం పైకి ఎందుకొచ్చిందంటే, మార్చి రెండో వారంలో తవ్వకం మొదలెడితే నాలుగడుగుల మొరం కిందనే రాతి గుండు తగిలింది. మా వైపు తవ్వే ప్రతివాళ్లకూ ఉండే భయమే ఇది. గడ్డపార ఖంగుమన్నప్పుడు డబ్బులన్నీ అక్కడే పోతాయేమోనని గుండె జారింది. రాయి కొట్టే కంప్రెసర్ కోసం పది రోజులు ఆగాం. వచ్చి అంచులు సరిచేసి, అడుగు చదును చేసి వెళ్లింది. మొత్తం ఆరడుగులూ కొట్టించాలంటే ఇంకో పాతిక వేలు అడిగారు. దానికన్నా రెండున్నర అడుగులు నేల పైకి లేపడం నయమనుకున్నాం. ఇక్కడే ఎవరూ ముందు చెప్పని చిక్కు వచ్చి పడింది. సంపు పైకి లేస్తే దానికి ముందున్నవన్నీ పైకి లేవాలి.

వాన నీళ్లు స్లాబు తూము నుంచి డౌన్ పైపులోకి, అక్కడి నుంచి మొదటి మురికి వానను పట్టే తొలివాన డ్రమ్ముకు, తర్వాత వడపోత తొట్టికి, చివరికి సంపుకు మోటారు లేకుండా వాటంతట అవే దిగి రావాలి. సంపులోకి పైపు దిగేది నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున. కాబట్టి వడపోత తొట్టి అడుగు మూడడుగుల ఎత్తున ఉండాలి. తొట్టి లోతు మూడడుగులు, అంటే పై అంచు ఆరడుగులకు వచ్చింది. డ్రమ్ము నిండాకే నీళ్లు తొట్టి వైపు మళ్లాలి కాబట్టి డ్రమ్ము మూతి ఏడడుగుల దగ్గర ఉండాలి. డ్రమ్మును నేల మీదే పెట్టి పైన టీ (మూడు దారుల పైపు జాయింటు) బిగిస్తే నడవదు. నిండిన డ్రమ్ము మీద నాలుగడుగుల నీళ్ల బరువు నిలబడి మూత చుట్టూ కారుతుంది. అందుకని డ్రమ్ము కింద నాలుగడుగుల ఇటుక దిమ్మె, తొట్టి కింద మూడడుగుల దిమ్మె కట్టాం. ఈ ఎత్తులన్నీ కంటి అంచనాతో పెట్టేవి కావు. మేస్త్రీలు వాడే పారదర్శక ట్యూబులో నీళ్లు నింపి, రెండు చివర్లా నీటి మట్టం చూసి గోడ మీద బొగ్గుతో గీతలు గీయించాం. మొత్తం పనిలో అతి చౌకగా అయిపోయినదీ, తప్పితే అన్నీ పగలగొట్టాల్సి వచ్చేదీ ఆ గీతలే. డబ్బులు తీసుకునే ముందే మీ మేస్త్రితో ఆ గీతలు గీయించుకోండి.

ఉగాది మార్చి 30న వచ్చింది. పండగ వెళ్లిన వారం కాంక్రీటు పోశారు. ఏప్రిల్ ఎండలో క్యూరింగ్ అంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లితే కుదరదు. గోనె పట్టాలు కప్పి అవి ఆరకుండా రెండు వారాలు తడపాలి. ఆ నీళ్లకు ఆర్వో వృథా నీళ్లు వాడదామని ఎవరైనా అంటే వద్దనండి. వాటిలో ఉప్పు ఎక్కువ, సలాకలకు మంచిది కాదు. లోపల ఒకటికి మూడు పాళ్లలో సిమెంటు పూత, అందులో నీరు దిగకుండా కలిపే పొడి, పైన నున్నటి సిమెంటు పాలు. రంగు ఏమీ వేయలేదు. తాగునీళ్లకు పనికొస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప వేయకూడదు కూడా.

తర్వాత నిండా బోరు నీళ్లు పెట్టి, మూత వేసి, గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి రెండు రోజులు వదిలేశాం. అర అంగుళం దిగింది. గోడలు బాగానే ఉన్నాయి. కాంక్రీటు పోశాక రంధ్రం కొట్టి బిగించిన ఓవర్‌ఫ్లో పైపు చుట్టూ చెమ్మ కనిపించింది. కారేవి దాదాపు ఎప్పుడూ పైపులు గోడలోంచి దూరే చోట్లే. పోసేటప్పుడే పైపు ముక్క పెట్టి పోస్తే ఈ బాధ ఉండదు. కుంచించుకుపోని గ్రౌటుతో చుట్టూ నింపి, వారం ఆగి మళ్లీ నింపితే గీత కదల్లేదు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం హాయిగా పడుకున్నాం.

ఇక స్లాబు. కొత్తగా ఈ పని చేసేవాళ్లు సంపు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా దీని మీద పెట్టరు. నిజానికి మనం తాగేది స్లాబు కడిగిన నీళ్లే. మా స్లాబుకు రెండు చోట్ల నీళ్లు నిలిచే గుంటలు ఉండేవి. నిలిచిన చోట నాచు, నాచు ఉన్న చోట పురుగు. తూము వైపు వందకు ఒకటి చొప్పున వాలు పెట్టి సిమెంటు పని చేయించాం. పిట్టగోడ మీద పావురాలు వాలకుండా సన్నటి తీగ లాగాం. రెట్టే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. అంతకుముందు స్లాబు మీదనే బట్టలుతకడం, మిరపకాయలు ఆరబోయడం, పాత టైర్లు పెట్టడం అన్నీ నడిచేవి. అవన్నీ ఆపాల్సి వచ్చింది. ఇంట్లో అందరికీ ఇదే అన్నిటికన్నా కష్టంగా అనిపించిన మార్పు. చెప్పులు మెట్ల దగ్గరే. మిరపకాయలకు పెరట్లో పట్టా. మొదటి నెల రోజులు గొణుగుళ్లు వినిపించాయి.

తొలివాన డ్రమ్ము గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అమ్మే కిట్లలో నాలుగు అంగుళాల పైపు నాలుగడుగుల ముక్క ఇచ్చి, ఇదే తొలివాన మళ్లించేది అంటారు. నాలుగు అంగుళాల పైపులో మీటరుకు ఎనిమిది లీటర్ల చొప్పునే పడతాయి. ఆ ముక్కలో పట్టేవి పది లీటర్లు. 93 చదరపు మీటర్ల స్లాబుకు పది లీటర్లంటే మిల్లీమీటరులో పదో వంతు వాన. ఎండాకాలం దుమ్ము అంతటితో కడుక్కుపోదు. 200 లీటర్ల డ్రమ్ము పెడితే మొదటి రెండు మిల్లీమీటర్ల వాన అందులోకి పోతుంది. డ్రమ్ము పాతది కొంటే ఇంతకుముందు ఏం పోశారో అడగండి. రసాయనాలవి, ఆయిలువి ఎంత కడిగినా వద్దు. మేం తిండి సరుకుల డ్రమ్ము 1,100కు తెచ్చాం. అడుగున నల్లా బిగించి, సన్నటి దారంలా కారేటంత వదలాలి. గంటకు ఎనిమిది లీటర్లు కారితే ఒక రోజులో ఖాళీ అవుతుంది. నల్లా పూర్తిగా కట్టేస్తే డ్రమ్ము నిండే ఉండిపోతుంది, వారం తర్వాత వచ్చే వాన తెచ్చే దుమ్మంతా నేరుగా సంపులోకి పోతుంది. ఇసుక రేణువు అడ్డుపడి ఆ ధార ఆగిపోవడం మామూలే. వానాకాలమంతా రోజూ ఒకసారి దాని మీద కన్నేయాలి. డ్రమ్ము నీళ్లు చెట్లకు పోతున్నాయి.

వడపోత తొట్టి రెండున్నర అడుగులు చదరం. అడుగున 40 ఎంఎం కంకర 20 సెంటీమీటర్లు, దాని మీద 20 ఎంఎం 15 సెంటీమీటర్లు, ఆపైన నైలాను జాలీ, దాని మీద దొడ్డు ఇసుక 30 సెంటీమీటర్లు. పైన పాతిక సెంటీమీటర్లు నీళ్లు నిలవడానికి ఖాళీ. బొగ్గు వేయమని చాలామంది చెప్పారు, వేయలేదు. కొన్నాళ్లకు బొగ్గు పట్టుకునే శక్తి పోతుంది. మార్చకపోతే అదే సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. ఇసుక అడిగితే దుకాణంలో రోబో ఇసుక ఇచ్చారు. కట్టుబడికి బాగుంటుంది గానీ వడపోతకు పనికిరాదు. దానిలోని రాతి పొడి మొదటి జల్లుకే పేరుకుపోయి నీళ్లు పైనే నిలిచిపోతాయి. వెనక్కిచ్చి నది ఇసుక తెచ్చి, జల్లెడ పట్టి, బకెట్లో కలియబెట్టి తెల్లనీళ్లు వచ్చేదాకా కడగడానికి ఇద్దరు మనుషులకు ఒక పూట పట్టింది. కంకర కూడా అలాగే కడగాలి.

కుండపోత వాన పడితే ఈ తొట్టి తట్టుకోలేదు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన అంటే స్లాబు నుంచి గంటకు 4,650 లీటర్లు దూకుతాయి. అంత ఇసుకలోంచి దిగవు. కాబట్టి తొట్టి పై అంచున ఓవర్‌ఫ్లో పైపు తప్పనిసరి. తొట్టి నుంచి పొర్లేవి, సంపు నిండాక మిగిలేవి రెండూ బోరుకు పది అడుగుల దూరంలో ఉన్న ఇంకుడు గుంతకు పోతాయి. గుంత 5 అడుగుల చదరం, 7 అడుగుల లోతు. ముప్ఫై అడుగుల అవతల నాలుగడుగులకే గుండు తగిలిన పెరట్లో ఇక్కడ ఏడడుగుల దాకా మొరమే వచ్చింది. మన నేల అంతే, జానెడు తేడాలో మారిపోతుంది. అందుకే ముందు పరీక్ష చేయాలి. గుంత అడుగున అడుగు లోతు చిన్న గుంట తీసి, ఒక రోజంతా నానబెట్టి, మరునాడు నింపి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడాలి. మాకు నాలుగు అంగుళాలు దిగింది, చాలు. దిగకపోతే అక్కడ గుంత తవ్వి లాభం లేదు. మూడు రోజులకు మించి నీళ్లు నిలిచే గుంతలో పెరిగేవి దోమలే. బోరు కేసింగ్ పైపుకే బెజ్జాలు కొట్టి నీళ్లు వదిలే పద్ధతి కొందరు చెప్తారు. ఇంటి దగ్గర దాన్ని మేం వద్దనే అంటాం. పై మురికి నేల వడపోత లేకుండా నేరుగా లోపలి నీళ్లలోకి పోతుంది, పోయాక తీయడం ఎవరి వల్లా కాదు. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 50 అడుగుల దూరం కూడా చూసుకోవాలి. గుంత తీశాం కదా బోరులో ఫ్లోరైడ్ తగ్గిపోతుందని ఆశపడొద్దు. గుంత చేసే మేలు నీటి మట్టానికే.

2025లో మే నెలాఖరుకే, రోహిణి కార్తెలోనే వానలు పట్టాయి. అప్పటికి తొట్టిలో ఇసుక పడలేదు. డౌన్ పైపును గుంత వైపు తిప్పి, ఆ వానలతో స్లాబును చీపురుతో రుద్ది కడిగించాం. జూన్ రెండో వారంలో నీళ్లు సంపులోకి తిప్పాం. మొదటి నింపు తాగలేదు. కొత్త సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుంది. చేతికి జారుడుగా, నాలుకకు కాస్త కారంగా తగిలాయి. క్షార గుణం చూసే పీహెచ్ కాగితం ముంచితే 9 దాటింది, తాగునీళ్లకు 8.5 దాటకూడదు. వారం నిల్వ ఉంచి చెట్లకు పెట్టేశాం. రెండో నింపు కూడా అలాగే. మొగులు ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియని ప్రాంతంలో చేతిలో ఉన్న వాన నీళ్లు పారబోయడం చాలా బాధగా ఉంటుంది, కానీ చేయాల్సిందే. మూడో నింపుకు పీహెచ్ 8.2కు వచ్చింది. జులై చివరికి సంపు నిండింది.

నిండాక క్లోరిన్. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే 10 వేల లీటర్లకు 80 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములు అవుతుంది. పొడిని నేరుగా చల్లకూడదు. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైనీళ్లు మాత్రమే పోయాలి. ప్యాకెట్ తెరిచి నెలలు గడిస్తే దాని బలం పోతుంది, కొత్తదే కొనండి. కనీసం అరగంట ఆగాలి, మేం ఒక రాత్రి ఆగాం. తర్వాత పరీక్షకిస్తే ఫ్లోరైడ్ 0.1 లోపే వచ్చింది. ఆ కాగితం చూసి ఇంట్లో పెద్దవాళ్లకు కళ్లు చెమ్మగిల్లాయి. మోకాళ్ల నొప్పులు తగ్గవు వాళ్లకు, ఎముకల్లో చేరింది వెనక్కి రాదు. మనవల ఎముకల్లోకి చేరదన్న నమ్మకం దొరికింది.

సూక్ష్మజీవుల పరీక్షకు చిన్న సీసాలు దొరుకుతాయి. గీత దాకా నీళ్లు పోసి రెండు రోజులు ఉంచితే, నల్లబడితే కలుషితం. సెప్టెంబర్‌లో మాది నల్లబడింది. వెతికితే సంపు ఓవర్‌ఫ్లో పైపు మూతికి ఉన్న నైలాను జాలీని ఎలుక కొరికేసి ఉంది. స్టీలు జాలీ బిగించి, మళ్లీ 80 గ్రాములు వేసి, వారానికి మళ్లీ చూస్తే తేటగా ఉంది. మధ్యలో ఆ వారం కాచి తాగాం. బయటికి తెరుచుకునే ప్రతి పైపుకూ స్టీలు జాలీనే పెట్టుకోండి. అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు సంపు అంచు దాకా నిండి, మిగిలిందంతా గుంతకు పోయింది.

నీళ్ల రుచి మొదట్లో చప్పగా ఉంటుంది. రెండు వారాలకు అలవాటైపోతుంది. కందిపప్పు కుక్కర్లో రెండు విజిల్స్ ముందే ఉడుకుతోంది. టీ గిన్నెకు తెల్లటి పొర కట్టడం ఆగిపోయింది. ఇంటికొచ్చినవాళ్లకు నీళ్ల గురించి ఎంత చెప్పినా తలకెక్కనిది, ఉడికిన పప్పు చూస్తే ఎక్కుతోంది. మా సందులో రెండు ఇళ్లవాళ్లు కొలతలు తీసుకెళ్లారు.

ఖర్చు దాచేదేం లేదు. పరీక్షలు 1,400, తవ్వకం, కంప్రెసర్ 20,000, సంపు 1,18,000, స్లాబు వాలు 12,000, పైపులు, బెండ్లు, టీలు 9,600, డ్రమ్ము 1,100, దిమ్మెలు 6,000, వడపోత తొట్టి 8,500, గుంత 14,000, అర హెచ్‌పీ మోటారు 4,200. మొత్తం 1,94,800. క్యాన్ 15 రూపాయల చొప్పున కొంటే మా ఇంటికి ఏడాదికి ఎనిమిది వేల పైన అవుతుంది. ఆ లెక్కన డబ్బులు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. డబ్బు మిగులుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇంత పెట్టలేనివాళ్లు 5 వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు నీడలో పెట్టుకుంటే సగం కన్నా తక్కువలో అయిపోతుంది. నీడ మాత్రం తప్పనిసరి, మన మే నెల ఎండకు నల్ల ట్యాంకులో నీళ్లు కాగిపోతాయి.

ఇదంతా కట్టినవాళ్లలో చాలామంది మూడో ఏడాదికి వదిలేస్తారు. కారణం సిమెంటు కాదు. స్లాబు ఊడ్చేది ఎవరు, డ్రమ్ము నల్లా చూసేది ఎవరు అన్నది తేలకపోవడం. అందరిదీ అనుకుంటే ఎవరూ మెట్లెక్కరు. మా ఇంట్లో స్లాబు ఒకరి పేరున ఉంది. సంపు మూత పక్కన గోడకు ఒక నోటుబుక్కు వేలాడుతోంది. కడిగిన తేదీ, క్లోరిన్ వేసిన తేదీ, పరీక్ష ఫలితం, మట్టం అన్నీ ఆ మనిషే రాయాలి. ఊరు వెళ్తే ఎవరికి అప్పగించారో కూడా రాయాలి. కాలనీ అంతా కలిసి వస్తే చేద్దాం, పథకం వస్తే చేద్దాం అని ఎదురుచూసే ఇళ్లకు కూడా ఇదే చెప్తున్నాం. ముందు మీ ఇంట్లో ఒక మనిషి ఈ స్లాబు బాధ్యత నాదీ అని తీసుకోవాలి.

మట్టం కొలవడానికి అంగుళాలు గీసిన వెదురు కర్ర ఉంది. మా సంపులో అంగుళం అంటే 151 లీటర్లు, అంటే ఐదు రోజుల నీళ్లు. ఐదు రోజుల్లో రెండు అంగుళాలు దిగితే ఎవరో ఆ నీళ్లతో గిన్నెలు తోముతున్నారనో, ఎక్కడో కారుతోందనో వెంటనే తెలుస్తుంది. 2026 ఫిబ్రవరి మొదట్లో చూస్తే 66 అంగుళాల్లో 47 మిగిలాయి. ఆర్వో మిషన్ ప్లగ్గు తీసేసి ఉంది.

మే రెండో వారంలో తొట్టి ఇసుక పై అంగుళం గీకి తీసేసి, కడిగిన కొత్త ఇసుక వేయాలి. డ్రమ్ము విప్పి అడుగు మడ్డి కడగాలి. సంపులో దిగి కడగాల్సి వస్తే మూత తీసి ఒక పూట గాలి ఆడనివ్వండి, పైన ఇంకో మనిషి లేకుండా దిగొద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకైతే, తవ్వకం ఫిబ్రవరిలోనే చేయించండి.  మార్చి మూడో వారానికి కాంక్రీటు పడితే క్యూరింగ్, కారుడు పరీక్ష, వడపోత అన్నీ అయ్యి రోహిణికి పైపు బిగించేయొచ్చు. సున్నం పోవడానికి పారబోసే రెండు నింపులూ తొలి వానల్లోనే తీరిపోతాయి.